ఉప్పుగాలిలో ఏడేళ్లు: మేడ మీది టేకు బల్ల సమీక్ష

విశాఖ లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి అర కిలోమీటరు లోపు, రెండంతస్తుల మేడ మీద 2018 మార్చి నుంచి ఆరుబయటే ఉన్న బల్ల ఇది. పైన రేకు లేదు, పందిరి లేదు. ఇన్నేళ్లలో కర్ర ఎక్కడా పుచ్చలేదు, చెద పట్టలేదు, పలక ఒక్కటీ వంగలేదు. చెడినవి రెండే: మొదట వేసిన స్క్రూలు, మొదట కొట్టిన పాలిష్. విశాఖలో బయట బల్ల చేయించుకునేవాళ్లు కర్ర గురించి నెల రోజులు ఆలోచించి స్క్రూల గురించి అర నిమిషం కూడా ఆలోచించరు. అది తిరగేయాలి.

కొలతలు ఇవి. పైభాగం 5 అడుగుల పొడవు. 4 అంగుళాల పలకలు 8, మధ్య మధ్య రెండు నూళ్ల (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) సందు, మొత్తం వెడల్పు 33¾ అంగుళాలు. పలక మందం చిత్రిక పట్టాక 7 నూళ్లు. కాళ్లు 3 అంగుళాల చదరం, 27½ అంగుళాల ఎత్తు. చుట్టూ 4 అంగుళాల అడ్డపట్టీలు, వాటి మీద అడ్డంగా అంగుళం మందం కమ్మీలు మూడు, వాటి మీద పలకలు. కోత కొలతలో కలప సుమారు 2.7 ఘనపుటడుగులు అవుతుంది. తరుగు కలుపుకుని మూడున్నర కొనాలి.

టేకులో చూడాల్సింది చేవ, అంటే మాను లోపలి ముదురు రంగు చెక్క. పలక అంచున లేత పసుపు తెల్లచెక్క ఉంటే దాన్ని కోసి పారేయాలి, రంగు పూసి దాచనివ్వకూడదు. టేకుకి ఉన్న పేరంతా చేవదే, తెల్లచెక్క మామూలు కర్రలాగే పుచ్చుతుంది. నల్లమద్ది కూడా బయట నిలుస్తుంది గానీ బరువు, ఎండకి పగుళ్లిస్తుంది. మామిడి, రబ్బర్‌వుడ్ వైపు వెళ్లొద్దు, అవి గదిలో సామానుకే.

పలకల మధ్య సందు వద్దని, ఫెవికాల్ పెట్టి ఒకే పలకలా కలిపేద్దామని మేస్త్రి అంటాడు. చూడ్డానికి బాగుంటుంది, నిజమే. కానీ 4 అంగుళాల టేకు పలక వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య దాదాపు ఒక మి.మీ. వరకు ఉబ్బి తగ్గుతుంది. ఎనిమిదీ కలిపేస్తే ఆ ఉబ్బంతా ఒకచోట చేరి అతుకు దగ్గర విడుస్తుంది. సందు ఉంటే పలక దారి పలకది, నీళ్లు కూడా నిలవవు.

కాళ్లకీ పట్టీలకీ కుసి, బెజ్జం పని చేయించాం, అంటే పట్టీ చివర చెక్కిన నాలుక (కుసి) కాలిలోని బెజ్జంలో దిగుతుంది. కుసి పొడవు అంగుళంన్నర, దాంట్లోంచి వెదురు చీల. చీల బెజ్జాన్ని కాలిలో కొట్టిన దానికంటే కుసిలో ఒక మి.మీ. భుజం (కుసి పట్టీతో కలిసే మొదలు) వైపు జరిపి కొడితే, చీల దిగుతున్నప్పుడు అతుకు దానంతటదే లాక్కుంటుంది. జిగురు రెండు భాగాలు కలిపే ఎపాక్సీ. మామూలు తెల్ల జిగురు తడికి మెత్తబడుతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అందుకే అతికించే ముందు ఆ చోటుని థిన్నర్ గుడ్డతో తుడవాలి. తుడవకపోతే ఏ జిగురైనా పొరలా ఊడొస్తుంది. ఈ అతుకులు ఇప్పటికీ కిర్రుమనవు.

ఇక స్క్రూల సంగతి. పలకకి కమ్మీ దగ్గర రెండేసి, మూడు కమ్మీలకి కలిపి 48, అన్నీ కింద నుంచే. మొదట వేసినవి కొట్టువాడు 'స్టీలే సార్, తుప్పు పట్టదు' అన్నవి. మొదటి వానాకాలానికే తలలు గోధుమరంగు తిరిగాయి, వాటి చుట్టూ టేకు మీద సిరా ఒలికినట్టు నల్లటి వలయాలు వచ్చాయి. కర్రలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిస్తే వచ్చే మరక అది. 2020లో విప్పబోతే ఆరు తలలు తెగి లోపలే ఉండిపోయాయి. వాటి పక్కన అర అంగుళం జరిపి కొత్త బెజ్జాలు వేయాల్సొచ్చింది.

వాన నేరుగా తగలని అడుగున ఉన్నా స్క్రూలు ఎందుకు ఇంత త్వరగా చెడ్డాయి? పైభాగాన్ని వాన కడుగుతుంది, అడుగుని ఏదీ కడగదు. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు అక్కడ పేరుకుంటుంది, రాత్రి తేమని పీల్చుకుని పొద్దున్నే జిడ్డుగా తగులుతుంది. అందుకే నెలకోసారి బల్ల అడుగు వైపు రెండు చెంబుల మంచినీళ్లు కొట్టడం ఏ పాలిష్ కంటే ఎక్కువ పని చేసింది.

ఇప్పుడున్నవి 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు, 40 మి.మీ. స్క్రూలు. అందులో కలిసే మాలిబ్డినం అనే లోహం ఉప్పుకి తట్టుకుంటుంది. 304 గ్రేడ్ ఊరి లోపల చాలు, తీరం దగ్గర చాలదు. అయస్కాంతంతో పరీక్ష చేసి మోసపోవద్దు: చవకరకం 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు. పెట్టె మీద గ్రేడ్ చదివి కొనాలి. మామూలు కొట్లో లేకపోతే పడవల ఫిట్టింగులు అమ్మేవాళ్లని అడగాలి. ఈ స్క్రూలు కాస్త మెత్తన, టేకు గట్టిది కాబట్టి పలకలో 3 మి.మీ. బిట్‌తో ముందే బెజ్జం వేసి, స్క్రూ మరల మీద కొవ్వొత్తి రుద్ది బిగించాలి. సబ్బు వద్దు, తేమని లాగుతుంది. పాత నల్ల వలయాలకి లీటరు వేడినీళ్లలో 50 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కలిపి రాసి, ఆరాక బాగా కడిగితే చాలావరకు పోయాయి. విషం అది, చేతికి తొడుగులు తప్పనిసరి.

పాలిష్ విషయంలో తీర్పు సూటిగా చెప్తాను: ఏదీ వద్దు. మొదట కొట్టిన మెరుపు పీయూ (పాలీయురేథేన్) పాలిష్ పద్నాలుగు నెలలకి అంచుల దగ్గర తెల్లగా పొక్కి పొరలు పొరలుగా లేచింది. ఎండ ఆ పొర గుండా దిగి కింద కర్ర పైచర్మాన్ని చంపేస్తే పట్టు పోతుంది, నీళ్లు లోపలికి దూరతాయి. దాన్ని గీకి 80, 120 ఎమరీ పట్టడానికి ఇద్దరికి రెండు రోజులు. తర్వాత రెండేళ్లు అవిసె నూనె రాశాం. వేసవిలో అందం, ఆగస్టు వచ్చేసరికి నల్లటి బూజు మచ్చలు. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేయకూడదు, వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది, పరిచి ఆరబెట్టాలి. 2022 నుంచి ఏమీ రాయడం లేదు. కర్ర వెండి బూడిద రంగుకి తిరిగింది. దీపావళి దాటాక ఒకసారి కొబ్బరి పీచుతో, కర్ర ఈనె (పోగు గీతల) వెంట, సబ్బునీళ్లతో తోమితే సరి. పకోడీ నూనె మరక మాత్రం ఎండకి వెలిసేదాకా కొన్ని వారాలు కనిపిస్తుంది. టార్పాలిన్ కప్పడం బూజుకి పిలుపే.

కాళ్ల అడుగు కోతకి ఎపాక్సీ రెండు పూతలు, కింద అర అంగుళం నైలాన్ బుడిపెలు. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను వానకి తూము పూడి మేడ మీద నీళ్లు నిలిచాయి. బుడిపె ఊడిపోయి ఉన్న ఒక్క కాలు మాత్రం రెండు అంగుళాల ఎత్తు వరకు నల్లబడింది.

బరువు దాదాపు 40 కిలోలు. తుఫాను హెచ్చరిక వస్తే తిరగేసి పిట్టగోడ పక్కన తాడుతో కట్టడమే.

ఒక్క కొలత తప్పింది: 4 అంగుళాల అడ్డపట్టీ వల్ల కింద 23½ అంగుళాలే మిగిలింది, పొడుగువాళ్ల తొడలకి తగులుతోంది. పట్టీ 3 అంగుళాలే పెట్టించండి.