పాత 070 చైన్ సా కొంటున్నారా? అడ్వాన్స్ పంపే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో పాత చైన్ సా (పెట్రోల్‌తో నడిచే చెట్లు కోసే రంపం) కోసం, ముఖ్యంగా స్టిల్ కంపెనీ 070 మోడల్ కోసం వెతుకుతున్నవాళ్ళకి రాస్తున్నాను. పోయిన నెల రూ.18,500 పెట్టి కొన్నాను. అది ఒక మెషిన్ కాదని, కనీసం మూడు పాడైన మెషిన్ల ముక్కలు కలిపి పైన రంగు కొట్టి అమ్మారని విప్పించాకగానీ తెలియలేదు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, దానివల్ల మా తమ్ముడి కాలు పోయేది.

నాకు నాచారంలో చిన్న కార్పెంటరీ షెడ్డు ఉంది. గాలివానకి పడిపోయిన వేప, తుమ్మ మొద్దులు తెచ్చి పలకలు కోసి టేబుళ్ళు చేస్తాను. లావు మొద్దుకి చిన్న మెషిన్ చాలదు, 070 అయితే ఇంజన్ దగ్గర దగ్గర 106 సీసీ, అందుకే దానికోసం ఆర్నెల్లు తిరిగాను. 1959లో వచ్చిన స్టిల్ వాళ్ళ కాంట్రా అనే మోడల్ నుంచి పుట్టిన డిజైన్ ఇది, ఏళ్ళ తరబడి పెద్దగా మారలేదు కాబట్టి అచ్చం అలాగే ఉండే డూప్లికేట్ పార్టులు కుప్పలు తెప్పలుగా దొరుకుతాయి. ఏ ముక్క ఎక్కడిదైనా బోల్టు ఎక్కేస్తుంది, పైనుంచి చూస్తే తేడా కనపడదు. మోసం ఇక్కడే మొదలవుతుంది.

ఆన్‌లైన్ ప్రకటన చూసి ఫోన్ చేస్తే, "అన్నా, జర్మన్ ఒరిజినల్, ఒక్క చేతి మాల్, ఎక్కడా ఇప్పలే" అన్నాడు. నేను వెళ్ళేసరికి ఇంజన్ వెచ్చగా ఉంది. "ఇప్పుడే ఒక పార్టీకి చూపించిన" అంటే నమ్మాను. తాడు రెండుసార్లు లాగగానే స్టార్ట్ అయింది, ఆ శబ్దం వినగానే నా ఆలోచన ఆగిపోయింది, నిజం చెప్తున్నా. బిల్లు అడిగితే "పాత సామాన్‌కి బిల్లేంటన్నా" అన్నాడు, సరేనని ఫోన్‌లో డబ్బు కొట్టేశాను.

మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా వదిలేస్తే, నిలకడ లేదు, దానంతటదే రైజ్ అవుతుంది, మళ్ళీ పడిపోతుంది. వేప మొద్దులో పెడితే కోత వంకరగా పోయింది. నేను యాక్సిలరేటర్ వదిలేసి మెషిన్ పక్కకి తిప్పాను, మొద్దు పట్టుకున్న మా తమ్ముడు ముందుకు వంగాడు, ఆ క్షణంలో ఇంజన్ దానంతటదే రైజ్ అయి చైన్ తిరిగింది. ప్యాంటు మోకాలి దగ్గర జానెడు చిరిగింది. చర్మానికి తగల్లేదు. ఆ పాత మోడల్‌కి చైన్‌ని టక్కున ఆపే చైన్ బ్రేక్ కూడా ఉండదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బాలానగర్‌లో లేత్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన సైలెన్సర్ విప్పి లోపలికి టార్చి కొట్టి, "చూడు బేటా" అన్నారు. పిస్టన్ మీద నిలువునా గీతలు, గోటితో రాస్తే తగులుతున్నాయి. తర్వాత క్రాంక్‌కేస్ (రెండు సగాలు కలిపి బిగించే ఇంజన్ అడుగు డబ్బా) విప్పారు. ఒక సగం లోపల నల్లబడి ఉంది, రెండోది కొత్తగా మెరుస్తోంది, అతికే అంచు మీద ఆకురాయితో రాసిన గుర్తులు. సందు మూసే గాస్కెట్ బదులు ఎర్ర సిలికాన్ పూశారు, అది లోపలికి కారి తీగలా వేలాడుతోంది. జతగా బోరింగ్ చేసిన సగాలైతేనే రెండు వైపులా బేరింగులు ఒకే లైన్‌లో కూర్చుంటాయట, ఇవి వేర్వేరు మెషిన్లవి. ఆ సందులోంచి గాలి లాగుతుంది, పెట్రోలుతోపాటు వచ్చే ఆయిల్ పలచబడుతుంది, ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. ఐడిల్‌లో అలా పరిగెత్తడానికీ అదే కారణం. క్లచ్ స్ప్రింగుల్లో ఒకటి మిగతావాటికంటే పొడుగు, అంటే వదులు, అందుకే వేగం కాస్త పెరగగానే క్లచ్ పట్టేసి చైన్ తిరిగింది. చైన్ తిరిగే పట్టీ, అంటే గైడ్ బార్, దాని గాడి వెడల్పు 1.6 మిల్లీమీటర్లు, అందులో వేసిన చైన్ మందం 1.3. వేళ్ళతో పట్టుకుని పక్కకి వంచితే పాలపన్నులా ఊగింది. కోత వంకర పోక ఏమవుతుంది!

పాత ముక్కలతో మెషిన్ కట్టడం తప్పని నేను అనను. ఆ పెద్దాయనే అలా కట్టిస్తారు, కానీ ప్రతి ముక్కా కొలిచి, కొత్త సీళ్ళు వేసి, గాలి ఎక్కించి ప్రెషర్ నిలుస్తుందో లేదో చూసి, ఏది ఎక్కడిదో కాగితం మీద రాసి ఇస్తారు. దాన్ని దాచిపెట్టి ఒరిజినల్ అని అమ్మడమే దుర్మార్గం.

కొనేవాళ్ళు దయచేసి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్ళండి. వెచ్చగా ఉంటే టీ తాగి రండి, గంట పట్టినా పరవాలేదు. సైలెన్సర్ విప్పి పిస్టన్ చూపించమనండి, అందుకు ఒప్పుకోకపోతే బేరం అక్కడే వదిలేయండి. కొలిచే వెర్నియర్ జేబులో పెట్టుకెళ్ళండి: 070 బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 58 మిల్లీమీటర్లు, చైన్ .404 సైజుదైతే వరసగా మూడు రివెట్ల మధ్య దూరం 20.5 మిల్లీమీటర్లు రావాలి, 19 వస్తే అది 3/8 సైజు చైన్. యాక్సిలరేటర్ వదిలాక చైన్ పూర్తిగా ఆగాలి, మెల్లగా పాకినా వద్దు. బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, బిల్లు లేకపోవడంతో నా దగ్గర చూపించడానికి డబ్బు పంపిన మెసేజ్, అతని ప్రకటన ఫోటోలు తప్ప ఇంకేం లేవు.

ఆ ఫోటోలు మళ్ళీ తీసి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ఫోటోలోని మెషిన్‌కి ముందు హ్యాండిల్ మీద నీలం టేపు చుట్టి ఉంది, పెట్రోల్ ట్యాంక్ మూత దగ్గర సొట్ట ఉంది. నాకిచ్చినదానికి ఆ రెండూ లేవు. నిన్న అవే ఫోటోలు రూ.22,000 ధరతో మళ్ళీ కనిపించాయి. నీలం టేపు, సొట్ట ఉన్న 070 ఫోటో మీకు తగిలితే రూపాయి కూడా పంపకండి. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళుంటే మిగతా డబ్బు ఇచ్చే ముందు నన్ను అడగండి, నేనే వచ్చి మీతోపాటు నిలబడి విప్పిస్తాను.