హైదరాబాద్‌లో మొసళ్లు, పాములు చూడాలంటే జూ ముందు, మంజీర తర్వాత

హైదరాబాద్ వెళ్లినవాళ్లంతా చార్మినార్, గోల్కొండ, ఫిల్మ్ సిటీ చూసి వచ్చేస్తారు. పిల్లలకి పాములన్నా మొసళ్లన్నా ఇష్టముంటే జూకి ఒక రోజు, మంజీర అభయారణ్యానికి ఒక పూట తప్పకుండా పెట్టుకోండి. విజయవాడ నుంచి అక్క పిల్లలతో చలికాలంలో మేం అలాగే వెళ్లాం.

నెహ్రూ జూ 1963లో మొదలైంది. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు. సోమవారం సెలవు. అందరూ గేటు దాటగానే సఫారీ వైపు పరిగెడతారు, మీరు మాత్రం మొసళ్ల దగ్గరికి వెళ్లండి. పొద్దున ఎండ పడగానే అవి గట్టెక్కి, నోరు తెరుచుకుని పడుకుంటాయి. అది కోపం కాదు, తలకెక్కిన వేడి తగ్గించుకోవడం.

“మామయ్యా, అది బొమ్మేమో, కదలట్లేదు” అన్నాడు అక్క కొడుకు. ఇంకాసేపు చూడమన్నాను. కంటి మీదికి పక్క నుంచి పల్చటి పొర ఒకటి జారి, మళ్లీ వెనక్కి పోయింది. నీళ్లలో కంటిని కాపాడేది ఆ మూడో రెప్పే. ఇక వాణ్ని అక్కణ్నుంచి కదిలించడం మా తరం కాలేదు.

పాముల దగ్గర మాత్రం నాకు మనసు చివుక్కుమంది. పెద్దవాళ్లే అద్దం మీద కొట్టి పిల్లలకి చూపిస్తున్నారు. ఆ అదురు పాముకి ఒళ్లంతా తెలుస్తుంది, పారిపోదామంటే చోటు లేదు. దయచేసి కొట్టకండి, కొడుతుంటే ఆపండి. కొండచిలువ దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు నిలబడండి. పొలాల్లో రక్తపింజరని కొండచిలువ పిల్ల అనుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. రక్తపింజర ఒంటి మీద మచ్చలు గొలుసులా వరసగా ఉంటాయి, కొండచిలువవి ఎలా పడితే అలా ఉంటాయి. ఈ తేడా పిల్లలకి అక్కడే చూపించాలి.

జూలో ఉండే గాలపగోస్ రకం పెద్ద తాబేలు చాణక్య ఇప్పుడు లేదు. 125 ఏళ్లు బతికి 2024లో చనిపోయింది.

మంజీర సిటీకి 50 కిలోమీటర్ల దూరంలో, సంగారెడ్డి దగ్గర ఉంది. హైదరాబాద్ తాగే నీళ్లలో కొన్ని ఇక్కడివే. మొసళ్ల కోసమే 1978లో అభయారణ్యం చేశారు. జూలో పది అడుగుల దూరంలో కనిపించే మొసలి ఇక్కడ దూరంగా లంక మీద మొద్దులా పడి ఉంటుంది. బైనాక్యులర్స్ లేకపోతే నిరాశే. అయినా నాకు నచ్చింది ఇదే. మొసలి ఇసుకలో పెట్టిన గుడ్డులోంచి వచ్చేది ఆడో మగో తేల్చేది వేడి. 32.5 డిగ్రీల దగ్గర మగవి, అంతకంటే బాగా తగ్గితే ఆడవి పుడతాయి. ఈ సంగతి ఆ ఒడ్డున నిలబడి చెబితే పిల్లలు నోరెత్తకుండా విన్నారు.

బస లక్డీకాపూల్ వైపు తీసుకుంటే నయం, మెట్రో దగ్గర. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ, బుకింగ్‌లో లేని డబ్బులు పిల్లల పేరుతో కౌంటర్ దగ్గర అడిగారు. మెట్రోలో మియాపూర్ దాకా వెళ్తే సంగారెడ్డి బస్సులు దొరుకుతాయి. టిఫిన్ సంగారెడ్డిలోనే కానిచ్చి, నీళ్లు వెంట ఉంచుకోండి. అక్కణ్నుంచి ఆటో రానూపోనూ మాట్లాడుకోండి, వెయిటింగ్ ఎంతో ఎక్కకముందే తేల్చుకోండి.