ప్రశ్న అడగడం నేర్పే ఆటలు: ఏది మేలు?

ఇంగ్లీషులో జవాబు చెప్పడం పిల్లలకు తొందరగానే పట్టుబడుతుంది. ప్రశ్న అడగమంటేనే నోరు పెగలదు. క్లాసులో ప్రశ్నలన్నీ టీచర్లం మనమే వేస్తుంటే వాళ్లకు ఆ అవసరం ఎప్పుడు పడుతుంది? పైగా తెలుగులో ప్రశ్న వేయడం తేలిక. 'వచ్చాడు' చివర దీర్ఘం తీస్తే 'వచ్చాడా?' అయిపోతుంది. ఇంగ్లీషులో 'హీ కేమ్'ను ప్రశ్న చేయాలంటే ఎక్కడా లేని 'డిడ్'ను తెచ్చి ముందు పెట్టాలి, 'కేమ్'ను 'కమ్' చేయాలి. 'డిడ్ యూ వెంట్?', 'వేర్ యూ ఆర్ గోయింగ్?' లాంటి తప్పులు ఏళ్లు గడిచినా వదలకపోవడానికి ఇదో కారణం.

దీనికి ఆటలు బాగా పనికొస్తాయి. అయితే ఏ ఆటనైనా నేను రెండే విషయాలతో తూచుతాను. ఒక్కో పిల్లవాడు ఎన్నిసార్లు నోరు తెరిచి అడిగాడు? పూర్తి ప్రశ్న వేయకుండా తప్పించుకునే దారి ఉందా?

అందరూ ముందు చెప్పేది 'ఇరవై ప్రశ్నలు'. ఒకరు ఏదో వస్తువు తలుచుకుంటే, మిగతావాళ్లు అవును, కాదు జవాబులతో కనిపెట్టాలి. ఏర్పాట్లేమీ అక్కర్లేదు, అదే దాని బలం. కానీ 40 మంది క్లాసులో అందరూ కలిసి ఆడితే ఎంత లేదన్నా 20 మందికి ఒక్క ప్రశ్న కూడా రాదు. వచ్చినవాళ్లు కూడా 'యానిమల్?' అని గొంతు పైకి లేపితే చాలు, ఆట సాగిపోతుంది. జంటలుగా విడగొడితే కొంత నయం. నా లెక్కలో దీనికి రావలసినదానికన్నా ఎక్కువ పేరొచ్చింది.

'ఫైండ్ సమ్‌వన్ హూ' ఇందుకు పూర్తిగా వేరు. కాగితం మీద 'కెన్ స్విమ్', 'వెంట్ టు బెడ్ లేట్' లాంటివి రాసి ఇస్తాం. క్లాసంతా తిరిగి అలాంటివాళ్లను వెతికి సంతకం పెట్టించుకోవాలి. 'కెన్ స్విమ్'ను 'కెన్ యూ స్విమ్?' చేయడం సులువు. 'వెంట్' దగ్గరే 'డిడ్ యూ గో?' అనే మలుపు తిరగాలి. అందరూ ఒకేసారి మాట్లాడతారు కాబట్టి గోల తప్పదు, పక్క క్లాసు టీచరుకు ముందే చెప్పుకోవడం మంచిది. అసలు చిక్కు వేరే ఉంది. పిల్లలు కాగితం ముఖం ముందు పెట్టి 'ఇది? యెస్? సంతకం పెట్టు' అనేస్తారు. కాగితం చూపించకూడదని, ఒకరి దగ్గర ఒకే సంతకమని షరతు పెట్టాలి. అప్పుడు కూడా ఇందులో వచ్చేవన్నీ అవును, కాదు ప్రశ్నలే. 'వెన్', 'వై' కావాలంటే అవుననగానే ఇంకో ప్రశ్న అడగాలని చెప్పాలి.

జవాబులిచ్చి ప్రశ్న రాబట్టే ఆటలో ఆ లోటు లేదు. బోర్డు మీద నా గురించి 'ఎట్ సిక్స్', 'టూ', 'మై సిస్టర్' అని రాస్తాను. ప్రశ్న ఏమై ఉంటుందో వాళ్లు కనిపెట్టాలి. తప్పించుకునే దారే లేదు, ఎందుకంటే ఇక్కడ ప్రశ్నే జవాబు. 'మై సిస్టర్'కు ఒకరు 'హూ డిడ్ యూ కాల్?' అంటారు, ఇంకొకరు 'హూ టాట్ యూ టు స్విమ్?' అంటారు. ఒకదానిలో 'డిడ్' ఉంది, రెండోదానిలో లేదేం? 'హూ' అన్నదే కర్త అయితే 'డిడ్' అక్కర్లేదన్న సంగతి చెప్పడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదు. పీరియడ్ చివర పది నిమిషాలు మిగిలితే నేను ఆడించేది ఇదే. చురుకైనవాళ్లు ముందే అరిచేయకుండా జంటలుగా చీటీల మీద రాయిస్తాను.

గతకాలం ఓ మాదిరిగా వచ్చిన క్లాసుకైతే 'ఆలిబై' (నేరం జరిగినప్పుడు వేరేచోట ఉన్నామని చెప్పుకోవడం) అనే ఆటను మించింది లేదు. నిన్న రాత్రి 7 నుంచి 9 మధ్య దొంగతనం జరిగింది. ఇద్దరిపై అనుమానం. ఆ టైములో కలిసే ఉన్నామని వాళ్లు బయట నిలబడి కథ అల్లుకుంటారు. ఈలోగా క్లాసు ప్రశ్నలు తయారుచేసుకుంటుంది. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి అవే ప్రశ్నలు వేయాలి, జవాబుల్లో తేడా వస్తే దొరికిపోయినట్టే. అడిగిన ప్రశ్నే రెండోసారి అడగాలి కదా, మొదటిసారి తడబడినవాడు రెండోసారికి కుదురుకుంటాడు. డ్రిల్లు చేస్తున్నామన్న విసుగు కూడా రాదు.

ఇక్కడా తప్పించుకునే దారి ఒకటుంది. 'వేర్ యూ సాట్?' అన్నా ముద్దాయికి అర్థమవుతుంది, జవాబు చెప్పేస్తాడు. అందుకే తప్పు ప్రశ్నకు నోరు విప్పనక్కర్లేదని వాడికి హక్కిస్తాను. అంతే, వాడు నాకన్నా కఠినమైన గ్రామర్ మాస్టారైపోతాడు. పెద్ద క్లాసులో నాలుగైదు గుంపులు చేసి ముద్దాయిలను గుంపు గుంపుకీ తిప్పాలి, లేకపోతే వెనక బెంచీలు ప్రేక్షకులైపోతాయి. మాటలే ఇంకా కూడని చిన్నవాళ్లకు మాత్రం ఇది వద్దు, సంతకాల ఆటే నయం.

బయట నిలబడి కథ అల్లుకునే ఇద్దరూ ఎలాగూ మాతృభాషలోనే గుసగుసలాడుకుంటారు. నేను అడ్డు చెప్పను. లోపలికొచ్చాక ఇంగ్లీషు తప్పదు కదా.