ఫ్రాంచైజీ క్లబ్బా, జిల్లా సెలక్షన్లా?

విజయవాడలో కూతురికి క్రికెట్ నేర్పించే తల్లిదండ్రులది ఇదే టెన్షన్: స్పాన్సర్ డబ్బుతో నడిచే ఫ్రాంచైజీ క్లబ్బులో చేర్చాలా, జిల్లా జట్టు సెలక్షన్లకు పంపాలా అని.

ఖర్చు: క్లబ్బులో నెలనెలా ఫీజు. జిల్లా దారిలో కిట్టు, ప్రయాణాలు మనవే.

శ్రమ: మగపిల్లలతో కలిపి నెట్స్ ప్రాక్టీసు పెడితే బంతి ఏదో అడగండి. మగవాళ్ల బంతి కనీసం 156 గ్రాములు, ఆడవాళ్లది 140 నుంచి 151. మా పాప వారం రోజులు బరువు బంతి వేసింది. భుజం పట్టేసి, అన్నం ఎడమచేత్తో తినాల్సొచ్చింది.

రిస్కు: క్లబ్బు స్పాన్సర్ వెనక్కి తగ్గితే ముందు ఆగేది అమ్మాయిల జట్టేనని నా భయం. జిల్లా దారి నిదానం, కానీ రాష్ట్ర జట్టు తలుపు అటే ఉంది. కడప అమ్మాయి శ్రీచరణి ఆంధ్రాకు ఆడాకే 2025 డబ్ల్యూపీఎల్‌కు (మహిళల ప్రీమియర్ లీగ్) ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు 55 లక్షలకు తీసుకుంది.

పదేళ్ల పిల్ల, సరదా ఆట అయితే క్లబ్బు చాలు. అండర్-15 ఆడే సత్తా ఉంటే మాత్రం సెలక్షన్లు వదలొద్దు.