వైజాగ్‌లో చెరువు పక్కన ఫ్లాట్ చూస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ప్రాజెక్టు పేరు రాయను. వైజాగ్ శివార్లలో చెరువు పక్కన గేటెడ్ కమ్యూనిటీలు చూస్తున్నవాళ్లకి ఎవరి గురించో అర్థమైపోతుంది. బ్రోషర్‌లో చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్, నీళ్ల మీదకి చెక్క డెక్, ఒడ్డున క్లబ్‌హౌస్. వాటిని చూపించి చదరపు అడుగుకి ఇంత చొప్పున ‘లేక్ వ్యూ చార్జీ’ అదనంగా వసూలు చేశారు. తీరా రిజిస్ట్రేషన్ ముందు సేల్ డీడ్ డ్రాఫ్ట్ చేతికొచ్చాక చూస్తే వాటిలో ఒక్కటీ షెడ్యూల్‌లో (ఏమేం అమ్ముతున్నారో, హద్దులేంటో రాసే భాగం) లేదు. తూర్పు హద్దు: ప్రభుత్వ చెరువు. అంతే.

ఇదేంటని అడిగితే సేల్స్ మేనేజర్ ఫోన్ లోంచి తల కూడా ఎత్తలేదు. ‘చెరువు గవర్నమెంటుది కదా సార్. మేం అమ్మింది వ్యూ. వ్యూ వస్తోంది కదా మీకు?’ అన్నాడు. పక్కనే ఇంకో ఫ్లాట్ కొన్న పెద్దాయన ఉన్నారు, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా ఇందులో పెట్టారు. ‘మరి ట్రాక్ ఏది బాబూ?’ అని మెల్లగా అడిగారు. ‘అది ఆర్టిస్టు ఊహ అని కింద రాశాం కదా, చదువుకోలేదా?’ అన్నాడు ఆయన మొహం మీదే. ఆ వాక్యం ఉంది, నిజమే. బ్రోషర్ ఆఖరి పేజీలో, అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అడ్వాన్స్ చెక్కు తీసుకున్నరోజు ఇదే మనిషి ఆయన్ని ‘అంకుల్’ అంటూ చెయ్యి పట్టుకుని కారు దాకా దింపాడు. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ పెద్దాయన తలదించుకుని కాగితాలు సర్దుకోవడం ఒక ఎత్తు. ఆ కోపంతోనే రాస్తున్నాను.

ముందు ఒక మాట. ‘ఆర్టిస్టు ఊహ’ అని రాసుకున్నంత మాత్రాన బిల్డర్ తప్పించుకోలేడు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 2016, సెక్షన్ 12 చూడండి. ప్రకటనలోనో ప్రాస్పెక్టస్‌లోనో ఇచ్చిన తప్పుడు సమాచారం నమ్మి అడ్వాన్స్ కట్టి నష్టపోతే పరిహారం ఇవ్వాలి. కొన్నవాళ్లు వద్దనుకుంటే కట్టిన మొత్తం వడ్డీతో వెనక్కివ్వాలి. కాబట్టి బ్రోషర్ పారేయకండి.

అసలు ఆ డెక్, ఒడ్డున క్లబ్‌హౌస్ ఎందుకు రావో బిల్డర్‌కి మొదటి రోజు నుంచీ తెలుసు. ఏపీ బిల్డింగ్ రూల్స్ 2017 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకి 9 మీటర్లు బఫర్‌గా ఖాళీ వదలాలి. అందులో కట్టడాలకి అనుమతి ఉండదు. ఎఫ్‌టీఎల్ లోపలైతే ఏ పనీ చేయకూడదు. ఎఫ్‌టీఎల్ అంటే ఇవాళ నీళ్లు కనిపించే అంచు కాదు. అలుగు (ఎక్కువైన నీళ్లు పొర్లి బయటికి పోయే చోటు) రాయి మట్టానికి చెరువు నిండితే నీళ్లు ఎంత దూరం పరుచుకుంటాయో ఆ గీత. సైట్ విజిట్లు ఏప్రిల్, మే నెలల్లో ఎందుకు పెడతారనుకున్నారు? అప్పటికి నీళ్లు వెనక్కి వెళ్లిపోయి చెరువు గర్భం కూడా ఆరిన మైదానంలా కనిపిస్తుంది. అక్కడ గడ్డి పరిచి, గొడుగులు పాతి, ‘ఇదంతా మన లాన్’ అని చూపిస్తారు. మన దగ్గర చెరువులు నిండేది అక్టోబర్, నవంబర్ వాయుగుండాలకి. చూడాలనుకుంటే అప్పుడు వెళ్లండి. 2014లో హుద్‌హుద్ నాడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్లో ముసలివాళ్లని అడగండి. సేల్స్ ఆఫీసులో చెప్పని నిజం వాళ్లు అరుగు మీద కూర్చుని చెప్తారు.

ఇక సెల్లార్. చెరువు పక్క ఇళ్లలో జనం కళ్లు బాల్కనీ మీదే ఉంటాయి, కష్టాలన్నీ కింద మొదలవుతాయి. లెక్క సులువే. సెల్లార్ ఫ్లోర్ రోడ్డుకి 3 మీటర్ల కింద ఉందనుకోండి, అలుగు మట్టం రోడ్డుకి 1 మీటరే కింద ఉందనుకోండి. చెరువు నిండి చుట్టూ భూగర్భజలం కూడా ఆ మట్టానికి లేస్తే సెల్లార్ ఫ్లోర్‌ని కిందనుంచి 2 మీటర్ల నీళ్లు నెడతాయి, అంటే చదరపు మీటరుకి 2 టన్నులు. రాఫ్ట్‌కీ (అడుగున వేసే కాంక్రీటు పలక) రిటైనింగ్ వాల్‌కీ (మట్టిని ఆపే చుట్టు గోడ) మధ్య జాయింట్‌లో వాటర్ స్టాప్ (నీళ్లు రాకుండా పెట్టే పట్టీ) వేయకపోతే, బయటివైపు వాటర్‌ప్రూఫింగ్ ఎగ్గొడితే ఆ జాయింట్లోంచే ఊట మొదలవుతుంది. లోపలివైపు ఎన్ని కెమికల్ పూతలు పూసినా చాలావరకు ఒక సీజన్ తర్వాత ఊడి వస్తాయి, ఎందుకంటే నీళ్లు వెనకనుంచి నెడుతున్నాయి. లిఫ్ట్ గుంట నిండితే లిఫ్ట్ ఆగుతుంది. జనరేటర్ ప్యానెల్ సెల్లార్‌లోనే ఉంటే, తుఫాను రోజు కరెంటు పోయినప్పుడు నీళ్లు తోడే పంపు కూడా ఆగిపోతుంది. చూడటానికి వెళ్లినప్పుడు సెల్లార్ స్తంభాల మీద అడుగు, అడుగున్నర ఎత్తులో తెల్లటి ఉప్పు గీత ఉందేమో చూడండి. కొత్తగా రంగు వేసి ఉంటే లిఫ్ట్ గుంట తెరిపించి చూడండి, అక్కడ రంగు వేయరు.

మురుగు సంగతి ఇంకా దారుణం. మనిషికి రోజుకి 135 లీటర్ల లెక్కన 300 ఫ్లాట్లు, ఫ్లాటుకి నలుగురు అనుకుంటే 1,62,000 లీటర్లు. అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది, అంటే రోజుకి సుమారు 130 కిలోలీటర్లు (130 కేఎల్‌డీ) శుద్ధి చేసే ఎస్టీపీ, అంటే మురుగు శుద్ధి ప్లాంట్, కావాలి. కాగితం మీద ఉంటుంది. కానీ ఎస్టీపీలో గాలి ఊదే బ్లోయర్లు రాత్రీపగలూ తిరగాలి, గాలి ఆగితే లోపలి సూక్ష్మజీవులు చచ్చి కంపు కొడుతుంది. కరెంటు బిల్లు మిగుల్చుకోవడానికి రాత్రి బ్లోయర్లు ఆపి, బైపాస్ వాల్వు తిప్పి, మురుగంతా గెడ్డలోకి (వాగులోకి) వదిలేస్తున్నారు. ఆ గెడ్డ కలిసేది మనం డబ్బు కట్టి చూస్తున్న చెరువులోనే. మురుగులోని నత్రజని, ఫాస్ఫరస్ తిని గుర్రపుడెక్క అల్లుకుంటుంది, దాని వేళ్లని పట్టుకుని మాన్సోనియా దోమ పిల్లలు బతుకుతాయి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లవారుజామున చేపలు తేలతాయి. సాయంత్రం బాల్కనీ తలుపు తీయలేరు. చెరువు ప్రభుత్వానిది కాబట్టి అనుమతి లేకుండా అసోసియేషన్ అందులో చెయ్యి పెట్టకూడదు, అయినా మెయింటెనెన్స్ బిల్లులో ‘లేక్ అప్‌కీప్’ అని ఒక వరస ఉంటుంది. దేనికో అడగండి, రసీదులు చూపించమనండి.

అడవివరం, ముడసర్లోవ వైపు చూసేవాళ్లకి అదనంగా ఒకటి: సింహాచలం పంచగ్రామాల భూ వివాదం, అంటే దేవస్థానానికీ ఐదు ఊళ్ల వాళ్లకీ మధ్య ఉన్న భూమి తగాదా. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి, ఈ ఊళ్లలో సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

మిగతావి త్వరగా చెప్తాను. సర్వే నంబరు పట్టుకుని అడంగల్, ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) తీయండి. గెడ్డ పోరంబోకు, చెరువు గర్భం అన్న మాట కనిపిస్తే అక్కడితో ఆపేయండి. నీటిపారుదల శాఖ ఎన్‌వోసీతో పాటు ఎఫ్‌టీఎల్ స్కెచ్ అడగండి. ‘అప్రూవల్ వచ్చిందంటే అన్నీ ఉన్నట్టే’ అంటే ఒప్పుకోవద్దు. సర్వేయర్‌ని పెట్టుకుని ఆటో లెవెల్‌తో (ఎత్తు తేడాలు కొలిచే పరికరం) అలుగు రాయి మట్టం, సెల్లార్ ఫ్లోర్ మట్టం కొలిపించండి. ఫ్లాటు ఖరీదు ముందు ఆ ఫీజు లెక్కలోకి రాదు. ఏపీ రెరా సైట్లో ఎక్కించిన మంజూరు ప్లాన్ తీసి బ్రోషర్ పక్కన పెట్టి చూడండి. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి అడిగితే రెరా చట్టం సెక్షన్ 13 చూపించండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు బ్రోషర్, వాట్సాప్ మెసేజ్‌లు, రసీదులు అన్నీ జోడించి రెరాకి ఫిర్యాదు పెట్టండి. ఒకే ప్రాజెక్టు వాళ్లు నలుగురైదుగురు ఒకేసారి పెట్టండి. వ్యూ చార్జీ కడితే రసీదు మీద ‘లేక్ వ్యూ చార్జీ’ అనే రాయించుకోండి. ‘ఇతర చార్జీలు’ అని రాసిస్తే ఆ రసీదు తీసుకోవద్దు.