ఆయిల్ పామ్ మొక్కలు బాగున్నాయి, ఎండాకాలం సలహాలే బాగాలేవు

సత్తుపల్లి వైపు ఒక నర్సరీ నుంచి తెచ్చి నాటిన మొక్కలు ఇప్పుడు కాపులో ఉన్నాయి కాబట్టి ధైర్యంగా రాస్తున్నా. మొక్కలకు నాలుగు స్టార్లు, వాళ్ల సలహాలకు రెండే.

మొక్కల్లో వంక పెట్టడానికేం లేదు. ఏడాది నిండినవే ఇచ్చారు, మొదలు లావుగా ఉంది, ఎకరానికి 57 చొప్పున నాటితే దాదాపు అన్నీ బతికాయి.

అయితే "మగపూలే వస్తున్నాయి, మొక్కలు నకిలీవి" అని ఈ నర్సరీకి ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లు ఒకసారి రెండేళ్ల కిందటి ఎండాకాలం గుర్తు చేసుకోండి. గెల కోతకు రావడానికి సుమారు రెండేళ్ల ముందే అక్కడ వచ్చేది ఆడపువ్వా మగపువ్వా అన్నది చెట్టు లోపల తేలిపోతుంది, ఆ టైంలో నీళ్లు చాలకపోతే మగపూలే ఎక్కువవుతాయి, గెల కట్టేదేమో ఆడపువ్వే. తోటంతా ఒకేలా గెలలు తగ్గితే ముందు వాతావరణాన్ని, నీళ్లని అనుమానించాలి. చుట్టూ చెట్లు బాగా కాస్తుంటే మధ్యలో ఒకటో రెండో ఏళ్ల తరబడి గొడ్డుగా ఉండిపోతే అప్పుడు మొక్క లోపం అనుకోవచ్చు.

ఇది పశ్చిమ ఆఫ్రికా చెట్టు. ఏడాదికి 2,500 మిల్లీమీటర్ల వాన కావాలి, అదీ నెలనెలా పడాలి. మన ఖమ్మం వైపు పడేది 1,000 అటూ ఇటూ, అందులో ఎక్కువ భాగం సెప్టెంబర్‌తో అయిపోతుంది. ఎండ 33 డిగ్రీల లోపుంటే దీనికి హాయి, మనకి మే నెలలో 44 కూడా దాటుతుంది. పైగా వడగాలికి ఆకు రంధ్రాలు మూసుకుపోతాయి, చెట్టు మొదట్లో నేల తడిగా ఉన్నా పెరుగుదల మందగిస్తుంది. మొవ్వులో ఆకులు విచ్చుకోకుండా ఈటెల్లా నిలబడిపోయాయంటే చెట్టుకి దాహం అని అర్థం.

ఇవేవీ నర్సరీవాళ్లు చెప్పలేదు. ఏడాది పొడవునా చెట్టుకి రోజుకు 150 లీటర్లు చాలన్నారు, ఇది నాకు నిజంగా కోపం తెప్పించింది, ఎందుకంటే కాపు తోటకి నడి ఎండాకాలంలో 250 నుంచి 300 దాకా పడుతుంది. కొట్టిన మట్టలు చెట్ల వరుసల మధ్య పరిస్తే తేమ ఆగుతుందన్న ముక్క కూడా పక్క తోట రైతు చెబితేనే తెలిసింది.

మొక్కలు కావాలంటే నిస్సంకోచంగా తీసుకోండి, కానీ అడ్వాన్స్ కట్టే ముందు మీ బోరు మే నెలలో ఎంత పోస్తుందో కొలుచుకోండి. ఐదెకరాలకు చెట్టుకి 250 చొప్పున వేసినా రోజుకు 71 వేల లీటర్లు దాటుతుంది. అంత రాకపోతే రెండెకరాలతో ఆపండి.