సదర్లాండ్ తూర్పు తీరంలో గోల్ఫ్: ఏళ్లుగా వెళ్తున్నాను కాబట్టి చెప్తున్నా

స్కాట్లాండ్‌లో గోల్ఫ్ సెలవు అనగానే అందరి చూపూ సెయింట్ ఆండ్రూస్ మీదే. అక్కడి ఓల్డ్ కోర్సులో ఆడాలంటే చాలామందికి లాటరీలో పేరు రావాలి, వచ్చేదాకా టెన్షనే. నేను మాత్రం కొన్నేళ్లుగా ఇన్వర్‌నెస్ నగరం దాటి ఉత్తరానికి, సదర్లాండ్ వైపు వెళ్తున్నాను. కారులో ఇంకో గంట పోతే డోర్నోక్ అనే ఊరు. ఇక్కడిదాకా వచ్చినవాళ్లలో కూడా ఎక్కువమంది ఆ ఊరి కోర్సు రాయల్ డోర్నోక్‌లో ఒక రౌండ్ ఆడేసి, ఫొటోలు దిగి, వెంటనే వెనక్కి వెళ్లిపోతారు, నాకు బాధ కలిగేది అదే. ముప్పై కిలోమీటర్లలోపే టెయిన్, గోల్‌స్పీ, బ్రోరా కోర్సులు ఉన్నాయి, నన్నడిగితే ఈ ప్రాంతం అసలు రుచి వాటిలోనే ఉంది.

డోర్నోక్ గొప్పదే, కాదనను. 1616 నాటికే ఇక్కడ గోల్ఫ్ ఆడినట్టు ఆధారాలున్నాయి, క్లబ్బు 1877లో పెట్టారు. అమెరికాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 కోర్సు గీసిన డోనాల్డ్ రాస్ పుట్టింది ఈ ఊళ్లోనే. గ్రీన్లు (హోల్ ఉండే, గడ్డి బాగా పొట్టిగా కత్తిరించిన చోట్లు) చాలావరకు ఎత్తు మీద ఉంటాయి. బంతి గ్రీన్ మీద పడి ఆగిందనుకుంటాం, అది ఇంకాస్త కదిలి, అంచు దాకా వెళ్లి, మెల్లగా కింది పల్లంలోకి దిగిపోతుంది. అక్కణ్నుంచి బంతిని పైకి లేపే వెడ్జ్ కన్నా నేల మీద దొర్లించే పట్టర్‌తోనే నాకు మంచి ఫలితాలొచ్చాయి. పద్నాలుగో హోల్‌ని ఫాక్సీ అంటారు, ఒక్క బంకర్ (ఇసుక గుంట) కూడా లేదు, అయినా కోర్సు మొత్తంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. మే నెలలో వెళ్తే కోర్సు పొడుగునా గోర్స్ పొదలు పసుప్పచ్చగా పూసి ఉంటాయి, దగ్గరికెళ్తే కొబ్బరి వాసన వస్తుంది.

అయినా నా మనసు బ్రోరా మీదే. గోల్ఫర్, కోర్సుల రూపకర్త జేమ్స్ బ్రెయిడ్ 1920లలో తీర్చిదిద్దిన కోర్సు, సముద్రం పక్కనే వెళ్లి తిరిగొస్తుంది. నేను ఆడినప్పుడల్లా ఫెయిర్‌వేల (హోల్ వైపు వెళ్లే గడ్డి దారుల) మీద గొర్రెలు మేస్తూనే ఉన్నాయి, అవి గ్రీన్లలోకి రాకుండా చుట్టూ మోకాలెత్తులో సన్నటి కరెంటు తీగ, దాన్ని జాగ్రత్తగా దాటి వెళ్లి పట్ చేయాల్సి వచ్చేది. బంతి పక్కన పెంటికలుంటే కంగారొద్దు, బంతి కదలకుండా వాటిని తీసేయొచ్చు, రూల్సే ఒప్పుకుంటాయి. అలంకారాలేమీ లేని గోల్ఫ్ ఇది, లింక్స్ (సముద్రతీర ఇసుక నేలల) ఆట ఎలా మొదలైందో ఇక్కడ ఆడితేనే నాకు అర్థమైంది.

గోల్‌స్పీ మొదట్లో సముద్రం పక్కన, తర్వాత హెదర్ పొదలు, పైన్ చెట్ల మధ్య సాగుతుంది, ఒకే రౌండ్‌లో ఇన్ని రకాల నేల నేను ఇంకెక్కడా చూడలేదు. పైన బెన్ బ్రాగీ కొండ మీద మొదటి సదర్లాండ్ డ్యూక్ విగ్రహం కనిపిస్తూనే ఉంటుంది. గొర్రెల పెంపకం కోసం వేలమంది కౌలురైతులను ఊళ్లు ఖాళీ చేయించిన ఎస్టేటు ఆయన కుటుంబానిదే. ఆ చరిత్ర తెలుసుకుని వెళ్లండి, లోయల్లో జనం ఎందుకింత పల్చగా ఉన్నారో తెలుస్తుంది.

టెయిన్ కోర్సు పాతకాలపు గోల్ఫర్ ఓల్డ్ టామ్ మారిస్ 1890లో వేసింది, పదకొండో హోల్‌లో గ్రీన్ రెండు దిబ్బల వెనక దాక్కుని ఉంటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. గాలి ఉదయం ఒక దిక్కు, మధ్యాహ్నం ఇంకో దిక్కు, దాంతో ఏ దూరానికి ఏ క్లబ్బు (కర్ర) వాడాలనే లెక్కంతా తారుమారవుతుంది. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుంది, సాయంత్రం రెండో రౌండ్ హాయిగా ఆడొచ్చు, కానీ ఆడి వచ్చేసరికి వంటగదులు మూసేస్తారు, ఒకచోటైతే బోర్డు మీద రాసిన టైముకన్నా ముందే మూసేసి నన్ను ఆకలితో పంపించారు. భోజనం ముందే చూసుకోండి. టెయిన్, గోల్‌స్పీ, బ్రోరాలకు రైలుంది కానీ రోజుకు కొన్నే, డోర్నోక్‌కి వెళ్లే శాఖ లైను 1960లోనే మూతపడింది, కాబట్టి కారు తప్పదు.

ముందుగా డోర్నోక్ టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) నెలల ముందే తీసుకుని, మిగతావి దాని చుట్టూ సర్దుకోండి. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ (మీ ఆట స్థాయి తెలిపే పత్రం) దగ్గరుంచుకోండి. తొలిరోజు మాత్రం బ్రోరాలో ఆడండి, ఆ గాలికి చెయ్యి అలవాటు పడ్డాక డోర్నోక్ గ్రీన్ల దగ్గరికి వెళ్లొచ్చు.